పి.ఆర్. తిరస్కరణ తర్వాత ఆశ్రయించిన లాయరు ఆఫీసు: ఒక సమీక్ష

కెనడాలో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ కింద, అంటే నైపుణ్యం ఉన్న ఉద్యోగులకు పాయింట్లు వేసి ఆహ్వానించే పద్ధతిలో, మేము పెట్టుకున్న శాశ్వత నివాస (పి.ఆర్.) దరఖాస్తును తిరస్కరించినట్టు లేఖ వచ్చిన ఆరో రోజున, ఒంటారియో రాష్ట్రంలోని మిస్సిసాగాలో ఇద్దరు లాయర్లు, ఒక క్లర్కు మాత్రమే ఉన్న ఒక చిన్న ఆఫీసు మెట్లెక్కాను. ఆ తర్వాత ఎనిమిది నెలల పాటు వాళ్లతో నడిచిన వ్యవహారం గురించే ఈ సమీక్ష. మంచితో పాటు లోపాలు కూడా రాస్తున్నాను కనుక ఆ ఆఫీసు పేరు గానీ, అంతకుముందు మా దరఖాస్తు వేసిన కన్సల్టెన్సీ పేరు గానీ రాయడం లేదు. మా రెండో దరఖాస్తు మీద నిర్ణయం ఇంకా రాలేదన్న సంగతి కూడా ముందే చెప్పడం న్యాయం. గెలిచిన సంబరం గానీ, ఓడిన కసి గానీ ఈ అంచనాలో కలవకూడదనే ఇప్పుడు రాస్తున్నాను.

నేను ఒక లారీ రవాణా సంస్థ అకౌంట్స్ విభాగంలో పని చేస్తాను. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో మేము ఎంచుకున్న తరగతి కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్. దాని కింద అర్హత రావాలంటే, దరఖాస్తుకు ముందరి మూడేళ్లలో కనీసం 12 నెలల పూర్తికాలపు నైపుణ్య ఉద్యోగం, అంటే వారానికి 30 గంటల లెక్కన 1,560 గంటలు, కెనడాలోనే చేసి ఉండాలి. ఏది నైపుణ్య ఉద్యోగమో తేల్చేది ఇక్కడ అందరూ ఎన్.ఓ.సి. అని పిలిచే జాతీయ వృత్తుల వర్గీకరణ. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో దాని 2021 కూర్పు 2022 నవంబర్ 16 నుంచి అమలులో ఉంది. అందులో ప్రతి వృత్తికీ ఒక కోడ్, దానికి కావలసిన చదువు, శిక్షణలను బట్టి టీర్ అనే ఒక స్థాయి ఉంటాయి. బుక్‌కీపర్లది 12200 అనే కోడ్, టీర్ 2 స్థాయి. ఇన్వాయిస్‌లు, బిల్లులు చూసే అకౌంటింగ్ క్లర్కులది 14200 అనే కోడ్, టీర్ 4 స్థాయి. టీర్ 0 నుంచి 3 వరకు ఉన్న ఉద్యోగాల అనుభవమే ఈ క్లాసుకు చెల్లుతుంది. చూసేవాళ్లకు రెండింటికీ ఒకే బల్ల, ఒకే కంప్యూటరు. దరఖాస్తులో మాత్రం ఒకటి ఉండనిస్తుంది, ఇంకొకటి ఉండనివ్వదు.

మా మొదటి దరఖాస్తు చూసిన కన్సల్టెన్సీ కుర్రాడు నన్ను తొలి రోజు నుంచీ "అక్కా" అనే పిలిచేవాడు. "లెటర్ మీద సంతకం ఒక్కటి పెట్టించండక్కా, మిగతాదంతా మేం చూసుకుంటాం, గ్యారంటీ" అనేవాడు. అతను పంపిన ఎక్స్‌పీరియన్స్ లెటర్ నమూనాలో, 12200 కింద ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉన్న విధుల జాబితా పొల్లు పోకుండా దిగి ఉంది. మా మేనేజరు దాన్ని కంపెనీ లెటర్‌హెడ్ మీద ప్రింటు తీయించి సంతకం చేశారు. నేను చదివాను. అందులో "గణాంక నివేదికలు తయారు చేయుట" అనే వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగాను కూడా, ఎందుకంటే అలాంటిది నేనెన్నడూ తయారు చేయలేదు. అయినా ఊరుకున్నాను. ఆ నేరం నాదే. ఎవరి చేత వేయించినా దరఖాస్తులోని ప్రతి అక్షరానికీ బాధ్యుడు దరఖాస్తుదారుడేనని చట్టం అంటుంది, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

తిరస్కరణ లేఖ ఒక శుక్రవారం సాయంత్రం ఆన్‌లైన్ ఖాతాలోకి వచ్చింది. పేరున్న విధులన్నిటినీ, ముఖ్యంగా తప్పనిసరి విధులను, నేను నిజంగా నిర్వర్తించానని అధికారికి నమ్మకం కలగలేదని అందులో సారాంశం. కట్టిన డబ్బు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 2024 ఏప్రిల్ 30 నుంచి అమలైన లెక్క ప్రకారం మనిషికి ప్రాసెసింగ్ ఫీజు 950 డాలర్లు, శాశ్వత నివాస హక్కు ఫీజు 575 డాలర్లు, మా ఇద్దరికీ కలిపి 3,050 డాలర్లు. తిరస్కరిస్తే హక్కు ఫీజు మాత్రం వెనక్కి వస్తుంది, అంటే మాకు 1,150 వచ్చాయి, 1,900 పోయాయి. పత్రాలు అసంపూర్తిగా ఉన్నాయని దరఖాస్తును పరిశీలించకుండానే తిప్పి పంపితే మొత్తం డబ్బూ తిరిగి వస్తుంది. చాలామంది ఈ రెండింటినీ "రిజెక్ట్ అయింది" అనే ఒకే మాటతో చెప్పుకుంటారు గానీ, తిప్పి పంపడం వేరు, తిరస్కరించడం వేరు. మొదటిది చేదు, రెండోది రికార్డు.

మొదటి నాలుగు రోజులూ నేను ఎవరితోనూ మాట్లాడలేదు. మావారు రాత్రిళ్లు కూర్చుని తెలిసినవాళ్లు చెప్పిన సలహాలన్నీ ఒక కాగితం మీద రాశారు. అందులో సగం "అప్పీలు చేయండి" అనేవే. ఆ సలహా మా విషయంలో చెల్లదని తర్వాత తెలిసింది. ఇమిగ్రేషన్ అప్పీల్ డివిజన్‌కు వెళ్లే దారి కుటుంబ స్పాన్సర్‌షిప్ తిరస్కరణల వంటి కొన్నింటికే ఉంది. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ లాంటి ఆర్థిక తరగతుల దరఖాస్తులకు లేదు. మాకు ఉన్నది ఫెడరల్ కోర్టులో న్యాయ సమీక్ష కోరడం. అది అప్పీలు కాదు, దాని గడువు కూడా అప్పీలు గడువంత ఉదారంగా ఉండదు.

ఆఫీసుకు వెళ్లిన రోజు లాయరు గారు నన్ను కూర్చోమని, నా కథ మొదలుకాక ముందే రెండు ప్రశ్నలు అడిగారు. లేఖ మీకు ఏ తేదీన అందింది? అందులో ఏ సెక్షన్ రాశారు? మొదటి ప్రశ్న కోర్టు గడువు కోసం: కెనడా లోపల తీసుకున్న నిర్ణయమైతే, తెలిసిన నాటి నుంచి 15 రోజుల లోపు కోర్టు అనుమతి కోరుతూ దరఖాస్తు దాఖలు చేయాలి, దేశం బయట తీసుకున్న నిర్ణయమైతే 60 రోజులు ఉంటుంది. నాకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి. రెండో ప్రశ్న అంతకన్నా పెద్దది. ఇమిగ్రేషన్ చట్టంలోని 40వ సెక్షన్ కింద, అంటే తప్పుడు సమాచారం ఇచ్చారన్న కారణంతో తిరస్కరించి ఉంటే, ఐదేళ్ల పాటు దేశంలో ప్రవేశానికి అనర్హత వస్తుంది, ఆ ఐదేళ్లూ పి.ఆర్. దరఖాస్తు పెట్టుకోవడానికి కూడా ఉండదు. నా లేఖలో ఉన్నది 11.2వ సెక్షన్, దానికి జతగా నిబంధనల్లోని 87.1. అంటే అర్హత రుజువు కాలేదన్నారు, అబద్ధం చెప్పారనలేదు. లాయరు గారు ఆ పంక్తి కింద పెన్సిలుతో గీత గీసి కాగితం నా వైపు తిప్పారు. ఆరు రోజులుగా ఆ లేఖను ఇరవైసార్లు చదివి ఉంటాను, ఆ పంక్తిని ఒక్కసారి కూడా పట్టించుకోలేదు.

ఆ తర్వాత జరిగిన నలభై నిమిషాలకే నేను ఈ ఆఫీసుకు ఎక్కువ మార్కులు వేస్తాను. ఆవిడ ఒక తెల్ల కాగితం తీసి అడ్డంగా గీతలు గీసి, నేను ఉద్యోగంలో చేరిన నెల నుంచి ఒక్కో నెలా ఏం పని చేశానో అడుగుతూ రాసుకున్నారు. ఏ నెలలో పే స్టబ్ (జీతం చీటీ) మీద హోదా ఏమని ఉంది, లెడ్జర్ తాళం ఎవరి చేతిలో ఉంది, హెచ్.ఎస్.టి. (అమ్మకం పన్ను) రిటర్ను ఎవరు దాఖలు చేశారు, డ్రైవర్ల జీతాల లెక్క ఎప్పటి నుంచి నా పని అయింది, బ్యాంకు స్టేట్‌మెంటుతో పుస్తకాలు సరిచూసే పని నాకు ఎప్పుడు అప్పగించారు, ఇవీ ప్రశ్నలు. చేరిన మొదటి నాలుగు నెలలూ నేను చేసింది ఇన్వాయిస్‌లు పంపడం, రాని డబ్బు కోసం ఫోన్లు చేయడం మాత్రమే. నా తొలి ఆఫర్ లెటర్‌లో హోదా కూడా అకౌంట్స్ రిసీవబుల్ క్లర్క్ అనే ఉంది. ఐదో నెలలో బుక్‌కీపర్ మానేసి వెళ్లిపోతే ఆవిడ పని నా మీద పడింది, హోదా ఆ మరుసటి నెలలో మారింది. మొదటి దరఖాస్తు నాటికి నాకు 14 నెలల అనుభవం ఉంది. అందులో మొదటి నాలుగు తీసేస్తే మిగిలేది పది.

కాగితం మీద ఆ పది అంకె చుట్టూ ఆవిడ సున్నా చుట్టాక గదిలో కాసేపు ఎవరం మాట్లాడలేదు. లెటర్ ఎంత బాగా రాసినా, అధికారి ఎంత దయతో చూసినా, ఆ రోజుకు నాకు 12 నెలలు లేవు. కన్సల్టెన్సీ వాళ్లు నన్ను ఈ ప్రశ్న ఒక్కసారి అడిగి ఉంటే రెండు నెలలు ఆగి దరఖాస్తు వేసేవాళ్లం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న మాట మా అమ్మమ్మ ఊరికే అనలేదు.

ఇక అక్కడి నుంచి మూడు దారులను ఆవిడ వివరించిన తీరు గురించి. మొదటిది పునఃపరిశీలన కోరడం. దీనికి ఫీజు లేదు, ఆన్‌లైన్ ఫారం ద్వారా పంపవచ్చు, కానీ ఇది హక్కు కాదు. అధికారి ఇష్టం మీద ఆధారపడిన సంగతి. చేతిలో ఉన్న పత్రాన్ని అధికారి చూడకుండా పోయారు, తేదీ తప్పుగా చదివారు వంటి స్పష్టమైన పొరపాటు ఉన్నప్పుడు ప్రయత్నించదగినది. ఒక ప్రమాదం ఉంది: పునఃపరిశీలన కోరినంత మాత్రాన కోర్టు గడువు ఆగదు. జవాబు కోసం ఎదురు చూస్తూ 15 రోజులు దాటబెట్టుకున్నవాళ్లు తన దగ్గరికి తరచుగా వస్తుంటారని చెప్పారు.

రెండోది కోర్టు. దాఖలు రుసుము 50 డాలర్లే, లాయరు ఫీజే అసలు ఖర్చు. నాకు చెప్పిన అంచనా 4,500 డాలర్లు, దాని మీద పన్ను. ముందు కోర్టు అనుమతి ఇవ్వాలి, ఇస్తేనే విచారణ. అనుమతి నిరాకరిస్తే దాని మీద మళ్లీ అప్పీలు ఉండదు. విచారణలో కూడా మనకు పి.ఆర్. ఇవ్వాలా వద్దా అని కోర్టు తేల్చదు. అధికారి నిర్ణయం సహేతుకంగా ఉందా లేదా అనే చూస్తుంది. 2019 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన వావిలోవ్ తీర్పు తర్వాత కొలబద్ద అదే. గెలిచినా ఫైలు మరో అధికారి దగ్గరికి తిరిగి వెళ్తుంది, అంతే. అన్నిటికన్నా ముఖ్యంగా, అధికారి ముందు ఆ రోజు ఉన్న కాగితాలనే కోర్టు చూస్తుంది, కొత్త లెటర్ తెచ్చి చూపిస్తానంటే సాధారణంగా ఒప్పుకోదు. మా ఫైలులో ఉన్నది కాపీ కొట్టిన లెటర్, దానితో పొసగని ఆఫర్ లెటర్. ఈ కాగితాలతో అధికారి తప్పు చేశారని తాను కోర్టులో నిలబడి చెప్పలేనని ఆవిడ నేరుగా అన్నారు. 4,500 డాలర్ల పని చేతిలోకి వచ్చే అవకాశం ఉన్నప్పుడు ఆ మాట అనడానికి కొంత నిజాయితీ కావాలి. నేను అంతకుముందు ఫోనులో మాట్లాడిన మరో ఇద్దరు, లేఖ చూడకుండానే కోర్టుకు వెళ్దామన్నారు.

ఇక్కడ నాకు అర్థం కాని చిక్కు ఒకటి అడిగాను. అధికారి రాసుకున్న అంతర్గత నోట్స్, జి.సి.ఎం.ఎస్. నోట్స్ అంటారు, సమాచార హక్కు చట్టం కింద ఐదు డాలర్లు కట్టి తెప్పించుకోవచ్చు. ఇవ్వడానికి చట్టం పెట్టిన గడువు 30 రోజులు. కోర్టుకు వెళ్లే గడువేమో 15 రోజులు. కారణం తెలిసేలోపే తలుపు మూసుకుపోతుంది కదా? దానికి జవాబు కోర్టు నిబంధనల్లోనే ఉందట. పూర్తి కారణాలు అందలేదని చెబుతూ గడువులోపు దాఖలు చేస్తే, 9వ నిబంధన కింద కోర్టు రిజిస్ట్రీయే ఆ కారణాలను తెప్పిస్తుంది, అవి వచ్చాక వాదన పత్రాలు సమర్పించవచ్చు. మాకు అది అవసరం పడలేదు గానీ, నిజంగా అన్యాయం జరిగినవాళ్లు నోట్స్ కోసం కూర్చుని గడువు పోగొట్టుకోకుండా ఈ సంగతి తెలుసుకోవడం మంచిది. నోట్స్ మేమూ తెప్పించుకున్నాం. నెల తిరిగేసరికి వచ్చాయి. అందులో అధికారి రాసింది నాలుగు వాక్యాలే: విధుల జాబితా వర్గీకరణలోని పాఠానికి దాదాపు నకలుగా ఉంది, ఆఫర్ లెటర్‌లోని హోదా వేరుగా ఉంది, అందువల్ల లెటర్‌కు తక్కువ విలువ ఇస్తున్నాను, అర్హత విషయంలో సంతృప్తి కలగలేదు. లాయరు గారు నోట్స్ చూడకుండా మొదటి రోజు పెన్సిలుతో రాసింది దాదాపు ఇదే.

మూడో దారి కొత్త దరఖాస్తు. తిరస్కరణ నాటికి నేను బుక్‌కీపర్‌గా మరో ఏడు నెలలు పని చేసి ఉన్నాను, అంటే చెల్లే అనుభవం 17 నెలలు. అర్హత ఇప్పుడు నిజంగా ఉంది. కానీ ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో అర్హత ఒక్కటే సరిపోదు, పాయింట్ల స్కోరు సరిపడా ఉండి మళ్లీ ఆహ్వానం రావాలి. ఈలోగా నాకు 31 నిండాయి. జీవిత భాగస్వామితో కలిసి దరఖాస్తు చేసేవాళ్లకు వయసు కింద 30 ఏళ్లకు 95 పాయింట్లు, 31కి 90. పుట్టినరోజు నాడు కేకుతో పాటు ఐదు పాయింట్లు కోసుకున్నామని మావారు అన్నారు. ఇంకో పక్క నా భాషా పరీక్ష ఫలితాలకు రెండేళ్ల చెల్లుబాటు మూడు నెలల్లో తీరిపోతోంది.

ఇక్కడే ఆ ఆఫీసు వల్ల మాకు కలిగిన రెండో పెద్ద లాభం. మావారు భాషా పరీక్ష ఎందుకు రాయలేదని ఆవిడ అడిగారు. కన్సల్టెన్సీ వాళ్లు "బావగారికి అవసరం లేదక్కా" అన్నారని చెప్పాను. అవసరం లేని మాట నిజమే, రాయకపోయినా దరఖాస్తు తీసుకుంటారు. కానీ భాగస్వామి భాషా స్థాయికి గరిష్ఠంగా 20 పాయింట్లు ఉన్నాయి, వాటిని మేము బల్ల మీదే వదిలేసి వచ్చాం. మావారు ఆరు వారాలు తెల్లవారుజామున లేచి చదివి పరీక్ష రాశారు, 14 పాయింట్లు వచ్చాయి. వయసు తీసుకుపోయిన ఐదు ఆ పద్నాలుగులో కలిసిపోయాయి.

కొత్త ఎక్స్‌పీరియన్స్ లెటర్ మీద ఆఫీసు పెట్టిన శ్రమ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మా దరఖాస్తు కూలింది అక్కడే. ఈ లెటర్‌లో ఉండవలసినవి ఏవో ప్రభుత్వ మార్గదర్శకాల్లోనే ఉన్నాయి: కంపెనీ లెటర్‌హెడ్, చిరునామా, సంతకం చేసినవారి పేరు, హోదా, ఉద్యోగి పని చేసిన ప్రతి హోదా, తేదీలు, వారానికి గంటలు, జీతం, ఇతర ప్రయోజనాలు, విధులు. లాయరు గారు నమూనా ఇవ్వడానికి ఒప్పుకోలేదు. మేనేజరును తన మాటల్లో రాయమనండి, రాశాక నాకు పంపండి, అన్నారు. మా మేనేజరు, పాపం, ఇంకోసారి తన సంతకం ఇబ్బందుల్లో పడకూడదని ఒక శనివారం మధ్యాహ్నం మొత్తం కూర్చుని రాశారు. అందులో వర్గీకరణ భాష ఒక్క ముక్క లేదు. ప్రతి నెలా మొదటి ఐదు పనిదినాల్లో రెండు బ్యాంకు ఖాతాలను లెడ్జర్‌తో సరిచూస్తుంది. 38 మంది డ్రైవర్లకు మైలేజీ లెక్కన జీతాలు లెక్కగట్టి కోతలను ప్రభుత్వానికి జమ చేస్తుంది. మూడు నెలలకోసారి హెచ్.ఎస్.టి. రిటర్ను సిద్ధం చేస్తుంది. సంవత్సరాంతంలో ట్రయల్ బ్యాలెన్స్ తీసి బయటి అకౌంటెంట్‌కు అప్పగిస్తుంది. మొదటి నాలుగు నెలల క్లర్కు పనిని వేరే పేరాలో, వేరే హోదాతో, దాచకుండా రాశారు. "గణాంక నివేదికలు" మాయమయ్యాయి.

దీనితో ఒక కొత్త తలనొప్పి పుట్టింది. పాత లెటర్, కొత్త లెటర్ రెండూ ఒకే మేనేజరు సంతకంతో, రెండు రకాల మాటలతో ఇప్పుడు ఫైలులో ఉంటాయి. ఈ సంగతి గురించి మౌనంగా ఉంటే అధికారి దృష్టిలో అది దాపరికంగా కనబడవచ్చునని, పాత లెటర్ ఎలా తయారైందో రెండు పేజీల వివరణలో ఉన్నదున్నట్టు రాయాలని లాయరు గారు పట్టుబట్టారు. అలా రాయడంలో కూడా కొంత ప్రమాదం ఉందని, అయినా రాయకపోవడంలో ఉన్న ప్రమాదం ఎక్కువని ఆవిడే చెప్పారు, ఆ మాటను ఈమెయిల్‌లో రాసి కూడా పంపారు. సరిగ్గా ఆ వారంలోనే పాత కన్సల్టెన్సీ కుర్రాడు ఫోన్ చేసి, "కొత్త ప్రొఫైల్‌లో పాత రిఫ్యూజల్ గురించి ఏమీ చెప్పక్కర్లేదక్కా, ఎవరూ చూడరు" అన్నాడు. ఇంతకుముందు ఏదైనా వీసా లేదా దరఖాస్తు తిరస్కరణకు గురైందా అన్న ప్రశ్న ఫారంలోనే ఉంటుంది. దానికి "లేదు" అని రాస్తే, అర్హత కొరతగా మొదలైనది 40వ సెక్షన్ కిందికి వెళ్లి ఐదేళ్ల నిషేధంగా ముగుస్తుంది. ఆ సలహా అతను ఉచితంగానే ఇచ్చాడు.

అతని సంగతి వచ్చింది కనుక ఇంకొక్క మాట. డబ్బు తీసుకుని ఇమిగ్రేషన్ సలహా ఇవ్వడానికి కెనడాలో చట్టం కొందరికే అనుమతిస్తుంది: ప్రాంతీయ లా సొసైటీల సభ్యులు, క్యూబెక్ నోటరీలు, 2021 నవంబర్‌లో పని మొదలుపెట్టిన ఇమిగ్రేషన్, పౌరసత్వ కన్సల్టెంట్ల కాలేజీలో లైసెన్సు ఉన్నవాళ్లు. ఆ కాలేజీ రిజిస్టరు ఎవరైనా ఆన్‌లైన్‌లో వెతుక్కోవచ్చు. నేను తిరస్కరణ తర్వాత వెతికాను. ఆ కుర్రాడి పేరు గానీ, అతని యజమాని పేరు గానీ అందులో లేవు. మా తరఫున ప్రతినిధిగా తమ పేరు చూపించే 5476 నంబరు ఫారం కూడా వాళ్లు దాఖలు చేయలేదు, అంటే దరఖాస్తు నేనే వేసుకున్నట్టు రికార్డులో ఉంది. ఇలాంటి వాళ్లను ఇక్కడ ఘోస్ట్ కన్సల్టెంట్లు అంటారు, పేరు బాగా కుదిరింది. ఫిర్యాదు పంపాను. లైసెన్సు ఉన్న కన్సల్టెంట్లలో చక్కగా పని చేసేవాళ్లు ఉన్నారు, మామూలు దరఖాస్తుకు లాయరే కావాలని నేననను. కానీ ఫెడరల్ కోర్టులో వాళ్లు వాదించలేరు, అందువల్ల తిరస్కరణ తర్వాత మొదటి పదిహేను రోజుల్లో తీసుకునే సలహా మాత్రం లాయరు దగ్గరే తీసుకోవడం మేలు. ఖర్చు భయమైతే, ఒంటారియోలో లా సొసైటీ రెఫరల్ సేవ ద్వారా అరగంట వరకు ఉచితంగా మాట్లాడవచ్చు. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు లోపాలు. ఆఫీసు పని వేళలు పది నుంచి ఐదు, సాయంత్రాలు ఉండవు, నేను మూడుసార్లు జీతం వదులుకుని సెలవు పెట్టాల్సి వచ్చింది. ఈమెయిల్‌కు జవాబు రావడానికి మామూలుగా మూడు రోజులు, ఒకసారి పదకొండు రోజులు పట్టింది, అదీ ఆహ్వానం వచ్చాక దరఖాస్తు సమర్పించడానికి ఉండే 60 రోజుల గడువు నడుస్తున్నప్పుడు. ఇండియా నుంచి పోలీసు సర్టిఫికెట్, ముందుగానే చేయించుకోవాల్సిన వైద్య పరీక్ష, ఇవన్నీ ఆ 60 రోజుల్లోనే అమరాలి. 2025 ఆగస్టు 21 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి వైద్య పరీక్ష ముందే పూర్తి చేసి దరఖాస్తుతో జత చేయాలన్న నిబంధన వచ్చింది. ఆ సంగతి మాకు ఆఫీసు కంటే ముందు మావారి స్నేహితుడు చెప్పాడు. అడిగితే, "చెప్పబోతున్నాం" అన్నారు.

రెండోది, పేర్ల గందరగోళం. మన ఇంటిపేరు ముందు రావడం, పాస్‌పోర్టులో అది వేరే గడిలో ఉండడం ఆ క్లర్కుకు చివరి దాకా తలకెక్కలేదు. వివరణ లేఖ మొదటి ప్రతిలో నా ఇంటిపేరు నా పేరైంది, రెండో ప్రతిలో మావారి ఇంటిపేరు నాకు వచ్చింది, పెళ్లయి ఆరేళ్లయినా నేను మార్చుకోని పేరు అది. మూడో ప్రతిని నేనే దిద్ది పంపాను.

మూడోది బిల్లు. తొలి గంట సంప్రదింపుకు 300 డాలర్లు, పన్నుతో 339. కొత్త దరఖాస్తుకు గంపగుత్తగా 1,800, పన్నుతో 2,034. ఈ రెండూ ముందే రాతపూర్వక ఒప్పందంలో ఉన్నాయి, పేచీ లేదు. కానీ ఒప్పందంలో పత్రాల పరిశీలన రెండుసార్లకే పరిమితమని చిన్న అక్షరాల్లో ఉంది. పేర్ల తప్పుల వల్ల మూడోసారి చూడాల్సి వచ్చినప్పుడు గంటకు 350 చొప్పున 36 నిమిషాలకు 210, పన్నుతో 237 డాలర్ల 30 సెంట్లు వేశారు. వాళ్ల తప్పు దిద్దినందుకు నేను డబ్బు కట్టడం ఏమిటని రాశాను. లాయరు గారు ఫోన్ చేసి, ఆ 36 నిమిషాల్లో సగం మావారి ఉద్యోగ చరిత్ర సరిచూడడానికి పట్టిందని వివరించి, మిగతా సగం తగ్గిస్తామన్నారు. తగ్గించిన బిల్లు మాత్రం ఇంతవరకూ రాలేదు, నేను మొత్తం కట్టేశాను. అన్నీ కలిపి 2,610 డాలర్ల 30 సెంట్లు.

వర్క్ పర్మిట్ విషయంలో వాళ్ల ముందుచూపు మెచ్చుకోదగినది. పి.ఆర్. తిరస్కరణ వచ్చినంత మాత్రాన చేతిలో ఉన్న వర్క్ పర్మిట్ రద్దు కాదు, దాని మీద ఉన్న తేదీ దాకా చెల్లుతుంది. ఈ ఒక్క వాక్యం మొదటి రోజున విన్నాక నేను ఆ రాత్రి నిద్రపోయాను. నా పర్మిట్‌కు అప్పటికి తొమ్మిది నెలలుంది. కొత్త దరఖాస్తు అందినట్టు రసీదు వచ్చాక, పర్మిట్ గడువు తీరకముందే, పి.ఆర్. నిర్ణయం వచ్చేదాకా పని చేసుకోనిచ్చే బ్రిడ్జింగ్ ఓపెన్ వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు చేయాలని క్యాలెండరులో తేదీ వేసి, ఆ తేదీకి రెండు వారాల ముందు వాళ్లే గుర్తు చేశారు. ఈమెయిల్‌కు పదకొండు రోజులు తీసుకునే ఆఫీసు ఈ ఒక్క విషయంలో గడియారంలా పని చేసింది.

ఐదు నక్షత్రాలకు నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఒక్కటీ క్లర్కు పనికీ, మూడో బిల్లుకూ. మీ తిరస్కరణలో అధికారి స్పష్టంగా పొరపాటు పడ్డారని మీకు నమ్మకముంటే, కోర్టు పని ఎక్కువగా చేసే పెద్ద కార్యాలయం ఒకటి చూసుకోవడం మంచిది. ఈ ఆఫీసుకు ఆ పని చేసే మనుషులు తక్కువ. తిరస్కరణకు కారణమేమిటో మీకే సరిగా తెలియని స్థితిలో ఉంటే, లేఖ, ఆఫర్ లెటర్, పే స్టబ్‌లు, టి4 పన్ను కాగితాలు, మొదటి దరఖాస్తు పూర్తి ప్రతి పట్టుకుని ఇలాంటి చోటికి వెళ్లండి. మొదటి దరఖాస్తు ప్రతి నా దగ్గర లేదు, కన్సల్టెన్సీ వాళ్లు ఇవ్వలేదు. ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఫొటో ఒక్కటే నా ఫోనులో ఉండడం వల్ల ఆ రోజు పని జరిగింది.

కొత్త దరఖాస్తు అందినట్టు రసీదు వచ్చిన రోజున లాయరు గారి కంటే ముందు క్లర్కు ఫోన్ చేసింది. తేదీ, దరఖాస్తు సంఖ్య చదివి, ఆ తర్వాత నా పేరును ఇంటిపేరుతో సహా నెమ్మదిగా, ఒక్కో అక్షరం విడివిడిగా చదివి, సరిగ్గానే ఉంది కదా అని అడిగింది. సరిగ్గానే ఉంది.